వర్జీనియాలో వకీలు చందా



మా అల్లుడు అమెరికాలో వర్జీనియా రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. క్రిందటి సంవత్సరము నేనును నా భార్యయు వారి యింట నాలుగు నెలలుంటిమి. ఒక సాయంకాలము అతడు తన కంపెనీవారు పంపిన కాగితమొకటి నా ముందు పెట్టెను. ఉద్యోగులు ఏటికొకసారి తమకు కావలసిన సదుపాయములకు గుర్తుపెట్టి పంపవలసిన పట్టిక యది. వైద్యభీమా, దంతవైద్యము, కండ్లజోళ్లు మున్నగువాని క్రింద, చిట్టచివర, 'వకీలు పథకము' అని యుండెను. నెలనెల జీతమునుండి కొంత సొమ్ము మినహాయించుకొందురట. వీలునామా వ్రాయించుకొనుటకో, ఇల్లు కొనుటకో, ఇంటి యజమానితో తగవు వచ్చినపుడో, వేఱుగ ఫీజు లేకుండ వకీలు సాయము దొరకునట.

"మామయ్యగారూ, ఇది భీమాయా, లేక వకీలునకు ముందుగా ఇచ్చుకొను ఫీజా?" అని యతడు అడిగెను.

"అల్లుడుగారూ, ముప్పది యేండ్లు బడిలో పాఠములు చెప్పితిని గాని, ఈ ప్రశ్న నన్నెవ్వరును అడుగలేదు. చదివి చెప్పెదను" అంటిని.

చదువగా తేలినదేమనగా, ఆ ప్రశ్న మా అల్లునిది మాత్రమే కాదు. ఆ దేశపు న్యాయస్థానములును శాసనసభలును ఒక తరమునకు పైగా దానితో పెనుగులాడినవి. అందును, మా అల్లుడు కాపురమున్న వర్జీనియాయే ఆ పెనుగులాటకు ముఖ్యమైన రంగస్థలము. ఆ కథను నేడు మీకు విన్నవించెదను.

ఈ విషయమున నాకింత ఆసక్తి కలుగుటకు ఇంటి కారణమొకటి కలదు. నా బాల్యమున మా యూరివారు చెఱువు నీటి హక్కునకై పై యూరివారిమీద వ్యాజ్యము వేసిరి. ఒక్కొక్క రైతు కోర్టు ఖర్చులు భరింపజాలడు గనుక, ఎకరమునకింత యని చందాలెత్తి, ఆ సొమ్మును ఒక మధ్యవర్తి చేతికిచ్చిరి. వకీలును కుదిర్చినవాడు అతడే. వకీలుతో మాటాడినవాడును అతడే. రెండేండ్లు గడచిన పిమ్మట, వ్యాజ్యము రాజీయైనదని ఒకనాడు తెలిసెను. రాజీ షరతులు మా యూరివారిలో ఒక్కరికిని ముందుగా చెప్పబడలేదు. చందా సొమ్మునకు లెక్కయు లేదు. మా తండ్రిగారిది చెఱువు క్రింద చివరి మడి. ఆ యేటినుండి దానికి నీరందలేదు. అయినను, పదిమంది కలిసి చందా వేసికొనుట తప్పని మా తండ్రిగారు ఎన్నడును అనలేదు. "వకీలు మనవాడు కాకపోయెను, డబ్బునకు కాపలా లేకపోయెను" అని మాత్రము అనుచుండెడివారు. శ్రోతలు ఈ రెండు మాటలను జ్ఞాపకముంచుకొనవలెను. మీదట చెప్పబోవు చరిత్రయంతయు వీనికి వ్యాఖ్యానమే.

పరుని వ్యాజ్యములో తలదూర్చువానిని శంకించుట మిక్కిలి ప్రాచీనమైన ఆచారము. మన వ్యవహారశాస్త్రమున ప్రసిద్ధమైన నారదస్మృతి, సోదరుడు గాక, తండ్రి గాక, కుమారుడు గాక, నియోగింపబడినవాడును గాక, ఇతరునికొఱకు వాదించువాడు దండనార్హుడని విధించినది. ఇంగ్లండునందు 1275వ సంవత్సరపు వెస్ట్‌మినిస్టరు శాసనము, రాజోద్యోగులు ఫలములో వాటా పుచ్చుకొనుటకై ఇతరుల వ్యాజ్యములను నడపరాదని నిషేధించినది. ఇట్టి నిషేధములు ఆ దేశమున 1967 వఱకు నేరముల పట్టికలో నిలిచియుండెను. ఆంగ్లేయుల ధర్మశాస్త్రముతోపాటు ఈ శంకయు అమెరికాకు ఓడనెక్కి పోయెను. వ్యాజ్యము అంగడి సరుకు కారాదనుటయే దీని యంతరార్థము.

ఇచ్చట ఒక్క విషయము గమనింపదగును. నారదుడు నలుగురిని మినహాయించెను. అందు మొదటివాడు సోదరుడు. మఱి రక్తసంబంధము లేని సోదరుడు సోదరుడగునా? ఈ ప్రశ్నయే ఇరువదవ శతాబ్దమున అమెరికా రైలు పట్టాలమీద పుట్టెను.

1883లో న్యూయార్కు రాష్ట్రమున ఓనియాంటా యను ఊర రైళ్లకు బ్రేకులు వేయు కూలీలు ఒక సంఘము స్థాపించుకొనిరి. తరువాత అది రైల్‌రోడ్ ట్రెయిన్‌మెన్ సోదరసంఘమని పేరొందెను. ఆ కాలమున పెట్టెకు పెట్టె తగిలించుటకు మనిషి రెంటి నడుమ నిలిచి, చేతితో చీల దూర్చవలసియుండెను. వ్రేళ్లు పోయినవారు, చేతులు పోయినవారు, ప్రాణములు పోయినవారు లెక్కకు మిక్కిలి. 1893లో తమంత తామే తగులుకొను కొక్కెములను వాడవలెనని చట్టము వచ్చెను. 1908లో, గాయపడిన రైలు కార్మికుడు కంపెనీమీద నష్టపరిహారమునకై వ్యాజ్యము వేయవచ్చునని మఱొక సమాఖ్య చట్టము వచ్చెను.

హక్కు కాగితముమీద నుండెను. కాని దానిని రాబట్టుట యెట్లు? కార్మికుడు ఆసుపత్రి మంచముమీద నుండగనే కంపెనీవారి మనుష్యుడు వచ్చి, కొద్ది సొమ్ము చేతబెట్టి, సంతకము చేయించుకొని పోవుచుండెను. ఆ ముప్పు తప్పినను, సామర్థ్యము లేని వకీలు చేతనో, ఫీజు దక్కిన చాలునని రాజీపడు వకీలు చేతనో పడుట తఱచు. కావున 1930లో సోదరసంఘము దేశమును 16 ప్రాంతములుగ విభజించి, ప్రతి ప్రాంతమునందును ఇట్టి వ్యాజ్యములలో పేరొందిన నిజాయితీగల వకీళ్ల నెన్నుకొని, "సంతకము చేయకముందు ఈ వకీలును కలిసికొనుడు" అని తమవారికి సలహా చెప్పసాగెను.

వకీళ్ల సంఘములకు ఇది కంటకమయ్యెను. 1928లోనే అమెరికా వకీళ్ల సంఘము తన వృత్తిధర్మములందు, కక్షిదారునకును వకీలునకును నడుమ వకీలు కాని యే సంస్థయు చొరబడి అతని పనిని శాసింపరాదని ఒక నియమము చేర్చియుండెను. 1935లో ఇల్లినాయి రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము, చికాగో నగరపు మోటారు యజమానుల క్లబ్బు చందాదారులకు వకీలు సాయము కల్పించుట అనధికారముగా వకీలు వృత్తి చేయుటయే యని నిర్ణయించెను. వకీలునకు లైసెన్సు కలదు, క్లబ్బునకు లేదు. లైసెన్సు లేనివాడు లైసెన్సు కలవాని పనిని విక్రయింపరాదు. ఇది వారి తర్కము.

ఈ తర్కమున స్వార్థము లేదని చెప్పజాలము. కాని సత్యము లేదనియు చెప్పజాలము. మా యూరి మధ్యవర్తి కథ విన్నవారికి ఆ నియమము వ్యర్థమని తోచదు గదా!

ఇక వర్జీనియాకు వత్తము. 1954లో సుప్రీముకోర్టు పాఠశాలలలో నల్లవారిని వేఱుచేయుట రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పెను. ఆ తీర్పును అమలు జరిపించుటకు నల్లవారి అభ్యుదయ సంఘము ఊరూర వ్యాజ్యములకు వకీళ్లను సమకూర్చుచుండెను. 1956లో వర్జీనియా శాసనసభ, తాను కక్షి కాని వ్యాజ్యమునకు వకీలును సమకూర్చు సంస్థ కక్షిదారులను అక్రమముగా చేరదీయుచున్నదని భావింపవలెనని చట్టము మార్చెను. పైకి అది వకీళ్ల వృత్తిధర్మరక్షణ. దాని దెబ్బ తగులునది మాత్రము ఆ సంఘమునకు. 1963 జనవరి 14న సుప్రీముకోర్టు దానిని కొట్టివేసెను. కలిసికట్టుగ న్యాయస్థానమునకు పోవుట, భావప్రకటనకును సంఘస్వాతంత్ర్యమునకును చెందిన హక్కని కోర్టు చెప్పెను. వృత్తిధర్మమను మంచి మాటను చెడ్డ పనికి కవచముగ తొడుగవచ్చునని ఈ వ్యాజ్యము మనకు నేర్పుచున్నది.

మరుసటి సంవత్సరమే సోదరసంఘము వంతు వచ్చెను. సంఘము వకీళ్లను సిఫారసు చేయరాదని వర్జీనియా న్యాయస్థానములు నిషేధపుటుత్తరువు లిచ్చియుండెను. 1964 ఏప్రిల్ 20న సుప్రీముకోర్టు దానిని రద్దు చేసెను. తీర్పు వ్రాసినవారు జస్టిస్ హ్యూగో బ్లాక్. కార్మికులు తమ హక్కులను గుఱించి ఒకరికొకరు సలహా చెప్పుకొనుటకును, నమ్మదగిన వకీలును ఒకరికొకరు చూపుకొనుటకును ఎవ్వరి యనుమతియు అక్కఱలేదని దాని సారాంశము. రక్తసంబంధము లేని సోదరుడును సోదరుడే యని న్యాయపీఠము ఒప్పుకొనినట్లయ్యెను.

సలహా చెప్పుట సరే. జీతమిచ్చి వకీలును పెట్టవచ్చునా? ఈ ప్రశ్న ఇల్లినాయి బొగ్గుగనులనుండి వచ్చెను. అచ్చటి గనికార్మికులు నష్టపరిహారపు సొమ్ములో నూటికి 40, 50 వంతులు వకీళ్లకు చెల్లించుకొనుచుండిరి. అందుచేత వారి సంఘము 1913 నుండి జీతముమీద వకీలును ఏర్పఱచుకొనుచుండెను. వ్యాజ్యకాలమున అట్టి వకీలునకు సాలుకు 12,400 డాలర్లు జీతము. అతని నియామకపు ఉత్తరములో సంఘము వ్రాసిన షరతు చిరస్మరణీయము: ఇకమీదట సంఘపుటధికారులు ఎవ్వరును అతనికి ఆదేశములు ఇయ్యరు, జోక్యము చేసికొనరు; అతని బాధ్యత తాను వాదించు కార్మికునియెడలనే గాని సంఘముయెడల కాదు. 1967 డిసెంబరు 5న సుప్రీముకోర్టు ఈ యేర్పాటును సమర్థించెను. 1971లో మిచిగన్ రాష్ట్రపు రైలు కార్మికుల వ్యాజ్యమునను ఇదే మార్గము త్రొక్కెను.

'వకీలు మనవాడు కాకపోయెను' అన్న మా తండ్రిగారి మొదటి మాటకు ఇదియే సమాధానము. సొమ్మిచ్చువాడొకడు, వకీలు ఎవరి మాట వినవలెనో ఆ కక్షిదారు మఱొకడు. ఈ రెంటిని వేఱుచేసి కాగితముమీద వ్రాసికొన్నయెడల చందా వేసికొనుట దోషము కాదు.

ఇంతలో సామాన్యులకు మఱొక కష్టము బయటపడెను. 1971లో వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్సు జిల్లాలో ఒక దంపతులు ఇల్లు కొనబోయిరి. ఆస్తి హక్కుపత్రములను పరిశీలించు పనిని ఆనాడు అచ్చట వకీలే చేయవలసియుండెను. వకీళ్ల సంఘము ప్రకటించిన కనీసపు ఫీజుల పట్టిక ప్రకారము ఆస్తి విలువలో నూటికి ఒక వంతు అడిగిరి. దంపతులు మఱి 36 మంది వకీళ్లకు ఉత్తరములు వ్రాయగా, 19 మంది బదులు వ్రాసిరి. ఆ పట్టికకు తక్కువగా చేయుదుమన్నవాడు ఒక్కడును లేడు. 1975 జూన్ 16న సుప్రీముకోర్టు ఇట్టి పట్టికలు పోటీని అణచు కుట్రలని తీర్పు చెప్పెను. వకీలు పని పవిత్రమైన వృత్తియే యైనను, దానికి వెలకట్టునపుడు అదియు వర్తకమేనని తేలెను.

వెల యను మాట వచ్చిన పిమ్మట, ముందుగా చెల్లించుట యను మాట తప్పదు. 1971లోనే లూయిసియానా రాష్ట్రమున ష్రీవ్‌పోర్ట్ పట్టణమున దాదాపు 600 మంది కట్టడపు కూలీలు, పనిచేసిన గంటకు 2 సెంట్లు చొప్పున వకీలు నిధికి చెల్లించు పథకము వకీళ్ల సంఘము తోడ్పాటుతోనే ఆరంభమయ్యెను. 1973లో కాంగ్రెసు, యజమానులును కార్మికసంఘములును ఉమ్మడి న్యాయసేవానిధులను స్థాపించుకొనుటకు అనుమతించెను. 1974లో ఉద్యోగుల సంక్షేమ పథకముల చట్టము వచ్చెను. అందు ముందు చెల్లింపు న్యాయసేవయు వైద్యముతోపాటు ఒక సదుపాయముగ లెక్కింపబడెను. 1972లో ఓక్లహోమా రాష్ట్రమున ఏడా యను చిన్న పట్టణమున, 1969 నాటి కారు ప్రమాదము తరువాత వకీలు ఖర్చుల బాధ తెలిసికొన్న హార్లండ్ స్టోన్‌సైఫర్ అను భీమా ఏజెంటు ఇట్టి సేవనే విక్రయించు కంపెనీని ప్రారంభించెను.

ఇచ్చట కథ మలుపు తిరిగెను. సోదరసంఘములో సభ్యుడు నాయకుని ఎఱుగును. వార్షిక సభలో నిలదీయును. కంపెనీయందు చందాదారు ఎవ్వరిని ఎఱుగును? అతడు నేడు సొమ్మిచ్చుచున్నాడు. కంపెనీ ఎప్పుడో ఒకనాడు పనిచేయింతునని మాట యిచ్చుచున్నది. ఆ నాటికి కంపెనీ యుండునా? ఉన్నను నిధి యుండునా? నిధి యున్నను, 'ఈ తగవు మా ఒడంబడికలో లేదు' అని చిన్న యక్షరములను చూపునా? మా తండ్రిగారి రెండవ మాట ఇచ్చట నిలబడును: డబ్బునకు కాపలా యెవరు?

ఈ ప్రశ్నకు రాష్ట్రములు చెప్పిన సమాధానమే లైసెన్సు. అమెరికాలో భీమా వ్యాపారము ప్రధానముగ రాష్ట్రప్రభుత్వముల యదుపులో నున్నది. వకీలు వృత్తియు అంతే. ఫ్లోరిడా రాష్ట్రము దీనిని న్యాయవ్యయభీమా యని పిలిచి భీమా శాఖ క్రింద నుంచినది. ఉత్తర కరోలినాయందు పథకము పనిచేయకముందే వకీళ్ల సంఘమువద్ద నమోదు చేసికొనవలెను. ఇక మన వర్జీనియా! భీమా చట్టములు గల 38.2వ శీర్షికలో 44వ అధ్యాయము ఒకప్పుడు న్యాయసేవా పథకములకే కేటాయింపబడియుండెను. దాని ప్రకారము రాష్ట్రపు కార్పొరేషన్ కమిషను లైసెన్సు లేనిదే అట్టి పథకమును నడపరాదని యుండెను. సోదరుడు నోరు మెదపరాదన్న రాష్ట్రమే, తరువాత నడపువాడు ఎవరో చెప్పి లైసెన్సు పుచ్చుకొని నడపుమనెను. నిషేధము నియమముగ మాఱినది.

ఇట్టి చట్టములందు సాధారణముగ అడుగబడు విషయములు ఇవి. సంస్థను నడపువారెవరు, వారి నడవడి యెట్టిది? చందాదారులకు రక్షణగ ధరావతుగాని, పూచీపత్రముగాని కలదా? ఒడంబడిక నమూనా అధికారికి ముందుగా చూపబడినదా? చేయుదుమన్న పనులు, చేయమన్న పనులు స్పష్టముగ వ్రాయబడినవా? ఊరూర తిరిగి విక్రయించు ఏజెంట్లకు అనుమతి కలదా? ఏటేట లెక్కలు ఒప్పజెప్పబడుచున్నవా? వీనికి మించి, వకీలు విచక్షణలో సంస్థ జోక్యము కలుగజేసికొనరాదని వకీళ్ల వృత్తిధర్మములు వేఱుగ శాసించుచున్నవి. ఇల్లినాయి గనికార్మికుల వివేకమే ఇందును మాఱుపేరుతో కనబడుచున్నది.

ఒక మినహాయింపు చెప్పక తప్పదు. 1974 నాటి చట్టము ఉద్యోగులకై యజమానులును సంఘములును నడపు నిధులను భీమా కంపెనీలుగ భావింపరాదని రాష్ట్రములకు హద్దు పెట్టినది. కావున భీమా కొనక తమ నిధినుండియే వకీలు ఖర్చులు భరించు సంఘమునకు రాష్ట్రపు భీమా లైసెన్సు అక్కఱలేదు. దానిపై సమాఖ్య చట్టపు కాపలా యున్నది. జనులకు బయట విక్రయించు కంపెనీకి మాత్రము ఈ మినహాయింపు లేదు. సోదరునికొక నీతి, వర్తకునికొక నీతి. నారదుడు గీచిన గీత మఱొక రూపమున ఇచ్చట నిలిచియున్నది.

లైసెన్సు వలన సర్వము చక్కబడినదని నేననను. కాపలా గోడ ఎత్తైనకొలది చిన్న సంఘములు లోనికి రాజాలవు. పెద్ద ధరావతు పెట్టగలవారే మిగులుదురు. బీదల మేలుకొఱకు పుట్టిన పథకము ధనికుల వ్యాపారముగ ముగియు భయము కలదు. 1956 నాటి శాసనసభవలె, రక్షణ యను పేరున నోరు నొక్కువారును ఉందురు. కాని కాపలా లేని చందాపెట్టె యేమగునో మా చెఱువు క్రింది చివరి మడికి తెలియును. గోడ ఉండవలెను, దానికి బీదవాడు దూరగల ద్వారమును ఉండవలెను. ఈ రెంటి సమన్వయమే మంచి శాసనమునకు గుఱుతు.

మన దేశమునను ఈ ధర్మము మూలమున కలదు. 1961వ సంవత్సరపు న్యాయవాదుల చట్టము క్రింద ఏర్పడిన నియమములు, కక్షిదారుడుగాని అతడు అధికారమిచ్చిన ప్రతినిధిగాని కాక, ఇతరుల ఆదేశములపై వకీలు నడువరాదని విధించుచున్నవి. మా యూరి చందాదారులలో ఒక్కడైనను ఈ మాట తెలిసికొని వకీలును కలిసికొనియున్నచో ఏమగునో గదా!

ఇన్ని సంగతులు చదివి, మా అల్లునితో నేనన్న మాటలివి: "అల్లుడుగారూ, సొమ్మువైపునుండి చూచిన ఇది భీమా, పనివైపునుండి చూచిన వకీలు ఫీజు. అందుచేతనే దీనికి ఇద్దఱు కాపలావారు కావలసివచ్చిరి. మీరు మూడు విషయములు చూచుకొనుడు. పథకమును నడపువారికి ఎవరి యనుమతి కలదు? వకీలు మీ మాట వినునా, వారి మాట వినునా? ఏ తగవులు వారు తీసికొనరు?"

అతడు రాత్రి భోజనమైన పిమ్మట ఒడంబడికను తుదివఱకు చదివెను. చదివి, నవ్వుచు, "మామయ్యగారూ, మా కంపెనీమీద నాకు తగవు వచ్చినచో మాత్రము ఈ వకీలు రాడట!" అనెను. కంపెనీ కల్పించిన సదుపాయము కంపెనీమీదనే కత్తి దూయదు గదా! ఇట్టి మినహాయింపు ఆ పథకములలో సామాన్యమే. అయినను అతడు ఆ వరుసకు గుర్తుపెట్టెను. తెలిసి పెట్టిన గుర్తు వేఱు, తెలియక పెట్టిన గుర్తు వేఱు. మా తండ్రిగారి తరమువారికి, సంతకము చేయకముందు ఆ కాగితమును చదివి వినిపించు మనిషి లేకపోయెను.